ఒకే మనిషికి రెండు వరుసలు: మా చాట్ సర్వర్ మార్పు డైరీ

శుక్రవారం రాత్రి

కొత్త మెషీన్ సిద్ధమైంది. డెబియన్ 13 ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద డేటాబేస్ నడిపే పోస్ట్‌గ్రెస్ 17. పాతది డెబియన్ 11, పోస్ట్‌గ్రెస్ 13. ఆ పోస్ట్‌గ్రెస్‌కి మద్దతు 2025 నవంబరుతో ముగిసింది. డెబియన్ 11కి ఇచ్చిన పొడిగింపు కూడా 2026 ఆగస్టు చివరిదాకానే. పైన నడిచే చాట్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పేరు సినాప్స్. దాని కొత్త వెర్షన్లు పాత పోస్ట్‌గ్రెస్‌లను ఒక్కొక్కటిగా వదిలేస్తూ వస్తాయి. ఇక వాయిదా వేయడానికి లేదు.

ఈ సర్వర్ ఎవరిదో చెప్పాలి. మేం కొంతమందిమి పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చూసి టైపు చేసి, ప్రూఫులు దిద్దుకుంటాం. హైదరాబాదులో కొందరు, రాజమండ్రి, విశాఖల్లో కొందరు, డాలస్‌లో ఇద్దరు. మా మాటలన్నీ ఈ చాట్ సర్వర్లోనే జరుగుతాయి. వేర్వేరు చాట్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మ్యాట్రిక్స్ ప్రోటోకాల్ నచ్చి, 2018లో సినాప్స్ పెట్టాను. ఏ పుటలో ఏ అక్షరం చెరిగిపోయింది, దాన్ని ఎవరు ఎలా చదివారు, చివరికి ఏది ఖాయం చేశాం, అంతా ఈ డేటాబేస్‌లోనే ఉంది. మరోచోట ఎక్కడా రాసి పెట్టలేదు. అందుకే ఈ పని తొందరగా కాకుండా సరిగ్గా కావాలి.

ఈ రాత్రి రిహార్సల్. పాత డేటాబేస్‌ను డంప్ తీసి (అందులోని డేటా అంతా ఒక ఫైల్లోకి దింపి), కొత్త మెషీన్‌లో ఖాళీ డేటాబేస్ కట్టి అందులోకి పోశాను. పాత డేటాబేస్ కొలేషన్, అంటే అక్షరాలను వరసలో పెట్టే నియమం, అమెరికన్ ఇంగ్లీషుది. సినాప్స్ డాక్యుమెంటేషన్ మాత్రం ఏ భాష నియమాలూ లేని 'సి' లొకేల్ పెట్టమంటుంది. అది లేకపోతే సినాప్స్ అసలు స్టార్టే కాదు. 'సేఫ్ కాని లొకేల్ అయినా పరవాలేదు' అని కాన్ఫిగ్‌లో ఒక సెట్టింగ్ ఆన్ చేస్తే తప్ప. ఆ సెట్టింగ్ నేను ఎప్పుడో ఆన్ చేసి, ఇన్నాళ్లూ అలాగే ఉంచేశాను. ఈసారి అది ఉండకూడదని ముందే అనుకున్నాను.

ఇంకో జాగ్రత్త: రిహార్సల్ మెషీన్‌కి బయటి నెట్ మొత్తం కోసేశాను. లేకపోతే ఆ కాపీ లేచి కూర్చుని, అసలు సర్వర్ తానే అన్నట్టు మిగతా సర్వర్లతో మాట్లాడడం మొదలుపెడుతుంది.

డేటా మొత్తం 31 జీబీ, సాఫీగానే ఎక్కింది. ఇండెక్సులు, అంటే టేబుళ్లలోని వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచికలు, కట్టే దశకి రాగానే వరసగా ఎర్రర్లు. యూనిక్ ఇండెక్స్ కట్టలేకపోతున్నాను, ఈ కీ రెండుసార్లు ఉంది అని. ఒకటి కాదు, నాలుగు టేబుళ్లలో.

యూనిక్ అంటేనే రెండోది ఉండకూడదని. పాత సర్వర్లో ఆ ఇండెక్సులన్నీ ఉన్నాయి, ఏళ్లుగా పనిచేస్తున్నాయి. మరి రెండోది లోపలికి ఎలా వచ్చింది?

విశాఖ నుంచి కిరణ్ ఫోన్ చేశాడు. "అన్నా, డిస్క్ పోయిందేమో?" అన్నాడు. నాకూ మొదట అదే టెన్షన్. డిస్క్ లాగ్‌లు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. అయినా పన్నెండు దాటాక తోచిన నిర్ణయం ఏదీ తీసుకోకూడదని పడుకున్నాను.

శనివారం

పొద్దున్నే పాత మెషీన్‌లో, ఇండెక్సులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్ పెట్టి, బీ-ట్రీ (వరసలో పేర్చి ఉంచే) ఇండెక్సులన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాను. అంకెల మీద కట్టిన ఇండెక్సుల్లో ఒక్కదానిలోనూ తప్పు లేదు. అక్షరాల మీద కట్టినవాటిలో మాత్రం చాలా వాటిలో వరస తప్పిందని చూపించింది. అక్కడే అర్థమైంది. డిస్క్ పోయి ఉంటే అంకెలూ అక్షరాలూ అని చూడదు కదా.

కారణం 2018లోనే ఉంది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28 అక్షర క్రమం నియమాలను మార్చేసింది. డెబియన్ 9లో పాత నియమాలు, డెబియన్ 10 నుంచి కొత్తవి. పరీక్షించడానికి పోస్ట్‌గ్రెస్ వాళ్ల వికీలో చిన్న చిట్కా ఉంది: 11 అని ఒక పంక్తి, 1-1 అని ఒక పంక్తి ఇచ్చి సార్ట్ చేయమనాలి. పాత నియమాల్లో 11 ముందు వస్తుంది, కొత్త నియమాల్లో 1-1 ముందు వస్తుంది. పాతది అడ్డగీతను మొదటి పోలికలో లెక్కే చేయదు, కొత్తది లెక్క చేస్తుంది.

మా పాత డేటాబేస్‌లో ఉన్నలాంటి కొలేషన్‌కి పోస్ట్‌గ్రెస్ సొంతంగా అక్షర క్రమం పెట్టుకోదు, సిస్టమ్‌ని అడిగి తెలుసుకుంటుంది. కింద సిస్టమ్ నియమం మారితే, పైన ముందే కట్టిన ఇండెక్స్ ఆ క్షణం నుంచి తప్పుల తడకే.

మా బృందంలో సుధక్క రిటైరైన లైబ్రేరియన్. ఆమెకు ఇలా చెప్పాను. అక్కా, మన వర్ణమాల చివర హ తర్వాత ళ, క్ష, ఱ వస్తాయి. ఒక లైబ్రేరియన్ కార్డులన్నీ ఆ వరసలోనే పెట్టుకున్నాడు. అతను బదిలీ అయి ఇంకొకాయన వచ్చాడు. ఆయనకు అలవాటైన వరసలో ళ వచ్చేది ల పక్కన, ఱ వచ్చేది ర పక్కన. యూనికోడ్‌లో కూడా అంతే, ల వెంటనే ళ. ఎవరో పుస్తకం అడిగితే ఆయన ల పక్కన వెతుకుతాడు, కార్డు ఉండదు. లేదనుకుని కొత్త కార్డు రాసి అక్కడ పెడతాడు. ఇప్పుడు ఒకే పుస్తకానికి రెండు కార్డులు. పాతది బీరువాలోనే ఉంది, ఎవరూ చింపలేదు. కొత్తాయన చేతికి మాత్రం ఎప్పటికీ దొరకదు.

"అయితే పుస్తకాలేం పోలేదుగా?" అంది వెంటనే. నాకు కావలసిన ప్రశ్న అదే. పోలేదక్కా, కార్డులే చెడ్డాయి అన్నాను. చెప్పాను గానీ, అది నిజమని రుజువు చేసుకోవడానికి మిగతా రోజంతా పట్టింది.

మ్యాట్రిక్స్ డేటాబేస్‌లు ఈ దెబ్బకి మరీ ఎక్కువ గురవుతాయి. యూజర్ ఐడీ @తో మొదలై మధ్యలో కోలన్ ఉంటుంది. గది (చాట్ గ్రూపు) ఐడీ ఆశ్చర్యార్థకంతో మొదలవుతుంది. ఈవెంట్ (గదిలో వచ్చే ప్రతి సందేశం, ప్రతి మార్పు) ఐడీ డాలర్ గుర్తుతో మొదలవుతుంది, ఈనాటి గదుల్లో అయితే దాని మధ్యలో అడ్డగీతలూ అండర్‌స్కోర్లూ కూడా వస్తాయి. మిగతా సర్వర్ల పేర్లలో చుక్కలు, అడ్డగీతలు. సరిగ్గా ఏ గుర్తుల విషయంలో నియమం మారిందో, వాటితోనే మా డేటా నిండి ఉంది.

ఒక జత తీసుకుని చేత్తో కాగితం మీద వేసి చూశాను. సుధ అనే ఐడీ ఒకటి, సుధాకర్ అనే ఐడీ ఒకటి. సుధ తర్వాత కోలన్, ఆపైన ఎమ్‌తో మొదలయ్యే మా సర్వర్ పేరు. సుధాకర్‌లో అదే చోట కె వస్తుంది. పాత నియమం కోలన్‌ను పక్కన పెట్టి ఎమ్‌నీ కెనీ పోలుస్తుంది, కాబట్టి సుధాకర్ ముందు. కొత్త నియమం కోలన్‌నీ కెనీ పోలుస్తుంది, కాబట్టి సుధ ముందు. ఇద్దరు మనుషులు, రెండు వరసలు. కంటికి కనబడేలా వేసుకున్నాక గానీ నాకు పూర్తిగా మనసుకెక్కలేదు.

మా దగ్గర ఎలా జరిగిందో కూడా దొరికింది. 2020లో డెబియన్ 9 నుంచి 10కి అక్కడికక్కడే మార్చాను. పోస్ట్‌గ్రెస్ పాతదే, 9.6, అలాగే నడుస్తూ ఉండిపోయింది. ఆరోజు రీఇండెక్స్ చేసి, అంటే ఇండెక్సులు మళ్లీ కట్టి ఉంటే సరిపోయేది. చేయలేదు. తర్వాత పోస్ట్‌గ్రెస్ 13కి వెళ్లినప్పుడు ఫైళ్లను లింక్ చేసే పద్ధతి వాడాను, త్వరగా అయిపోతుందని. ఆ పద్ధతిలో ఇండెక్స్ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే కొత్తదానిలోకి వస్తాయి. డంప్ తీసి పోసి ఉంటే అప్పుడే బయటపడేది.

శనివారం రాత్రి

లెక్క తేల్చాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. చెడిన ఇండెక్స్ ఉన్న డేటాబేస్‌ని 'డూప్లికేట్లు ఎన్ని' అని అడిగితే, అది ఆ చెడిన ఇండెక్స్ గుండానే వెళ్లి ఏమీ లేవని చెప్పే ప్రమాదం ఉంది. అందుకని ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్-ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆ సెషన్‌కి ఆపేసి, టేబుల్ మొత్తం వరస వెంట చదివించాను.

ఈవెంట్స్ టేబుల్లో డూప్లికేట్లు సున్నా. ఈవెంట్ల అసలు పాఠం ఉండే జేసన్ టేబుల్లోనూ సున్నా. ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని ఈవెంట్ కూడా ఒక్కటీ లేదు. అంటే మా సంభాషణలన్నీ భద్రం. సుధక్కకి వెంటనే మెసేజ్ పెట్టాను, పుస్తకాలేం పోలేదని.

డూప్లికేట్లున్నవి నాలుగు. ఇతర సర్వర్ల వివరాలుండే డెస్టినేషన్స్‌లో 212 జతలు. యూజర్ డైరెక్టరీలో 9. ప్రొఫైల్స్‌లో ఒకటి. గదుల ప్రస్తుత స్థితి ఉండే టేబుల్లో 17. ఆ పదిహేడే అసలు పని.

ఆదివారం

కిరణ్ పొద్దున్నే స్క్రిప్టు రాసి పంపాడు. ప్రతి జతలోనూ సీటీఐడీ పెద్దది ఉంచి చిన్నది తీసేయడం. సీటీఐడీ అంటే ఆ వరుస డిస్క్‌లో ఏ పేజీలో ఎన్నో స్థానంలో ఉందో చెప్పే గుర్తు. రెండు వరుసలూ అచ్చం ఒకేలా ఉన్నప్పుడు ఏదో ఒకదాన్ని పట్టుకోవడానికి అదే దిక్కు. కానీ అది వయసు చెప్పదు. పనికిరాని వరుసల్ని ఊడ్చే వ్యాక్యూమ్ పాత పేజీల్లో ఖాళీ చేసిన చోట కొత్త వరుస వచ్చి కూర్చోవచ్చు. అప్పుడు చిన్న సీటీఐడీదే కొత్తది అవుతుంది. "తమ్ముడూ, ఇది చోటు చెబుతుంది గానీ కాలం చెప్పదు" అన్నాను. ఒప్పుకున్నాడు. కూర్చుని టేబుల్ టేబుల్‌కీ వేరే నియమం రాసుకున్నాం.

డెస్టినేషన్స్‌లో ఏ వరుసలో చివరి విజయవంతమైన పంపకం సంఖ్య పెద్దదో అది ఉంచాం. అరగంట పని. యూజర్ డైరెక్టరీ ఎలాగూ మిగతా టేబుళ్ల నుంచి తిరిగి కట్టించుకోవచ్చు, సినాప్స్ అడ్మిన్ ఏపీఐలో దానికి జాబ్ ఉంది. అందులో ఏది తీసినా నష్టం లేదు. ప్రొఫైల్ సుధక్కది: ఒక వరుసలో ఇంటిపేరుతో పూర్తి పేరు, ఇంకోదానిలో ఇప్పటి చిన్న పేరు. ఆమెనే అడిగాను. మూడేళ్ల కింద 'పేరు మార్చినా కొన్నిచోట్ల పాతదే కనబడుతోంది నాయనా' అని ఆమె చెప్పింది గుర్తుంది. లాగౌటయి మళ్లీ లాగిన్ అవమన్నాను అప్పుడు. అప్పుడే డేటాబేస్ తెరిచి చూసి ఉండాల్సింది.

ఇక పదిహేడు. ఎవరైనా గదిలో చేరినా, వెళ్లిపోయినా, గది పేరు మారినా సినాప్స్ ఈ టేబుల్లో ఆ కీకి సంబంధించిన పాత వరుసని తీసేసి కొత్తది పెడుతుంది. తీసేసేటప్పుడు ఇండెక్స్‌లో వెతుకుతుంది. దొరకలేదు, తీయలేదు. పెట్టేటప్పుడు ఇండెక్స్‌ని అడుగుతుంది, ఇలాంటిది ఉందా అని. లేదంది, పెట్టేసింది. దాంతో ఒకే గదిలో ఒకే మనిషికి రెండు స్థితులు.

వాటిలో రాజమండ్రి మాస్టారి జత చూసినప్పుడు చాలాసేపు ఆగిపోయాను. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. మా ప్రూఫుల్లో అరసున్నా తేడా పట్టేది ఆయనొక్కరే. 2021లో ఫోన్‌లో పొరపాటున ఏదో నొక్కి ప్రూఫుల గదిలోంచి బయటికొచ్చేశారు. మర్నాడు మళ్లీ ఆహ్వానం పంపాం, చేరారు. టేబుల్లో రెండు వరుసలు పక్కపక్కనే: ఒకటి 'లీవ్', ఒకటి 'జాయిన్'. 'బాబూ, ఆ గదిలో నాకు కబుర్లు సరిగ్గా అందడం లేదు' అని ఆయన రెండు మూడుసార్లు అన్నారు. ఆయన ఫోన్ పాతదని మేం అందరం అనుకున్నాం.

ఇలాంటి జతల్లో 'తర్వాత వచ్చిన ఈవెంట్‌దే ఒప్పు' అనేసుకోవడం సులువు. మ్యాట్రిక్స్‌లో అది అన్ని వేళలా నిజం కాదు. వేరే సర్వర్లతో ఉమ్మడిగా ఉన్న గదుల్లో ఈవెంట్లు ఆలస్యంగానూ ముందూ వెనకగానూ వస్తాయి. ఏది చెల్లాలో మ్యాట్రిక్స్‌లోని స్టేట్ రిజల్యూషన్ అనే పద్ధతి తేలుస్తుంది. ఆ తేల్చిన ఫలితం డేటాబేస్‌లో మరోచోట కూడా ఉంటుంది: గదిలో చిట్టచివరి ఈవెంట్లేవో చూసి, వాటికి కట్టిన స్టేట్ గ్రూప్ (ఆ సమయానికి గది స్థితి) పట్టుకుని, ఆ గ్రూపుల గొలుసు వెంట వెనక్కి నడిస్తే ఆ మనిషి స్థితి దొరుకుతుంది. గొలుసు అంకెల ఇండెక్సుల మీద నడుస్తుంది కాబట్టి నమ్మొచ్చు. ఈవెంట్ ఐడీతో పట్టుకునే మొదటి అడుగు మాత్రం ఇండెక్స్ లేకుండా, టేబుల్ మొత్తం చదివించి తీశాను.

పదిహేడూ అలా ఒక్కొక్కటే నడిచి చూశాం. నేను ఫోన్‌లో చదువుతుంటే కిరణ్ అటుపక్క విడిగా తన క్వెరీతో సరిచూశాడు. మాస్టారిది 'జాయిన్' అని తేలింది. పదహారింటిలో తర్వాత వచ్చిన ఈవెంటే నెగ్గింది. ఒకటి మాత్రం నెగ్గలేదు. డాలస్ మిత్రుడి సర్వర్‌తో ఉమ్మడిగా ఉన్న గది అది. అందులోంచి మేం తీసేసిన ఒక ఖాతా తాలూకు 'జాయిన్' ఈవెంట్ ఆలస్యంగా వచ్చింది, కానీ చెల్లలేదు. సులువైన నియమం వాడి ఉంటే, మేమే బయటికి పంపినవారిని మా చేతులతోనే మళ్లీ లోపల కూర్చోబెట్టేవాళ్లం. ఆ గదిలో ఉన్న సభ్యులకు అది చాలా అన్యాయం.

తీసేయబోయే ప్రతి వరుసనీ, ఎందుకు తీస్తున్నామో ఒక మాట పక్కన రాసి, వేరే ఫైల్లో దాచాం.

సోమవారం నుంచి గురువారం

ఆఫీసు పని. రాత్రిళ్లు గంటా రెండు గంటలు. పోసే పద్ధతిని మూడు ముక్కలు చేశాను: ముందు టేబుళ్ల ఆకారం, తర్వాత డేటా, చివర ఇండెక్సులు. డంప్‌ను పోసే పీజీ-రిస్టోర్‌లోనే ఈ విభజన ఉంది. డేటా పోశాక, ఇండెక్సులు కట్టకముందు, మధ్యలో మా శుభ్రం చేసే స్క్రిప్టు. ఆ దశలో చెడిన ఇండెక్స్ అసలు ఉండదు, మోసపోయే అవకాశమే లేదు. పాత సర్వర్లో ఒక్క వరుసని కూడా ముట్టుకోనక్కర్లేదు. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

స్క్రిప్టు ప్రతి టేబుల్‌కీ ఎన్ని వరుసలు తీయాలో ముందే తెలుసుకుని ఉంటుంది. ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా మొత్తం ట్రాన్సాక్షన్ వెనక్కి తిప్పేసి ఆగిపోతుంది. రిహార్సల్ మూడుసార్లు చేశాను. బుధవారం ఒకసారి ఆగింది: డెస్టినేషన్స్‌లో 213వ జత పుట్టింది. పాత సర్వర్ ఇంకా నడుస్తోంది కదా, ఇంకా డూప్లికేట్లు పుట్టిస్తూనే ఉంది. దాన్నీ చూసి లెక్కలో చేర్చాను.

పాత వెర్షన్‌లో నేపథ్యంలో జరిగే అప్‌డేట్లన్నీ పూర్తయ్యాయో లేదో కూడా చూశాను. మిగిలినవి రాసి ఉంచే టేబుల్ ఖాళీగా ఉంది, అంటే అన్నీ పూర్తయ్యాయి.

శనివారం తెల్లవారుజామున

నాలుగున్నరకి సినాప్స్ ఆపాను. అందరికీ ముందు రోజే చెప్పి ఉంచాం. పోస్ట్‌గ్రెస్ కూడా ఆపి, దాని ఫైళ్ల పూర్తి కాపీ ఒకటి పక్కన పెట్టాను, చెడిన ఇండెక్సులతో సహా ఉన్నదున్నట్టు. తర్వాత పోస్ట్‌గ్రెస్ లేపి చివరి డంప్ తీశాను. సర్వర్ తన గుర్తింపుకి వాడే సైనింగ్ కీ, మీడియా ఫోల్డరు కొత్త మెషీన్‌కి చేరాయి.

వెనక్కి వెళ్లే దారి ఎక్కడిదాకా తెరిచి ఉంటుందో కిరణ్‌తో ముందే అనుకున్నాం. సభ్యుల ఫోన్లు కొత్త సర్వర్‌కి తగిలేదాకానే. ఎన్‌క్రిప్షన్‌కి వాడే వన్-టైమ్ కీలు పేరుకు తగ్గట్టు ఒక్కసారి మాత్రమే ఇవ్వాలి. కొత్త సర్వర్ కొన్ని ఇచ్చేశాక పాతదానికి వెళ్తే, అది అవే కీలు మళ్లీ ఇస్తుంది, మెసేజ్‌లు తెరుచుకోవు. సినాప్స్ డాక్యుమెంటేషన్‌లో పాత బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టే సందర్భానికి ఆ టేబుల్ డేటాని వదిలేయమని చెప్పింది కూడా ఇందుకే. మాది ఆపి తీసిన తాజా డంప్ కాబట్టి ఆ టేబుల్‌నీ తెచ్చుకున్నాం.

ఆకారం, డేటా, స్క్రిప్టు. 213, 9, 1, 17. లెక్క సరిపోయింది. ఇండెక్సులు కట్టడం మొదలైంది. గదుల ప్రస్తుత స్థితి టేబుల్ దగ్గరికి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి చూశాను. ఆగలేదు, ముందుకెళ్లింది. ఆరూ పదికి మొత్తం అయింది, ఒక్క ఎర్రర్ లేదు. డేటా గణాంకాలు సేకరించే అనలైజ్ నడిపి, పీజీ-ఆమ్‌చెక్‌తో ఇండెక్సులన్నీ మరోసారి చూశాను. శుభ్రం.

కాన్ఫిగ్‌లో ఆ సేఫ్ కాని లొకేల్ సెట్టింగ్ పంక్తిని చెరిపేశాను. కొత్త సినాప్స్ స్టార్ట్ చేశాను. స్కీమా (టేబుళ్ల ఆకారం) మార్పులు నాలుగు నిమిషాలు నడిచాయి. ముందు నేను, తర్వాత కిరణ్ లాగిన్ అయ్యాం. అటు నుంచి ఒక ఫొటో, ఇటు నుంచి ఒక వాయిస్ మెసేజ్. సర్వర్ పేరు కొత్త మెషీన్‌ని చూపేలా డీఎన్‌ఎస్ మార్చాను. డీఎన్‌ఎస్ మార్చాను.

ఆదివారం

యూజర్ డైరెక్టరీ తిరిగి కట్టించాను. సుధక్క పేరు అన్ని గదుల్లోనూ చిన్న పేరే చూపిస్తోంది, ఆమె స్క్రీన్‌షాట్ పంపింది. పాత మెషీన్‌ని ఆపి ఉంచాను. దాని ఫైళ్ల కాపీ, మేం తీసేసిన వరుసల ఫైలు రెండూ వేరే డిస్క్‌లో ఉన్నాయి.

పదకొండింటికి మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, గదిలో నిన్నటివన్నీ వచ్చాయి. మొన్నటివీ వచ్చాయి."

"మీవైపు ఇంకేమైనా తేడాగా ఉందా మాస్టారూ?"

"అది సరేగానీ, నలభై రెండో పుటలో మీరు బండి ఱ వదిలేసి మామూలు ర వేశారు. స్కాన్ మళ్లీ తెరిచి చూడండి."

తెరిచి చూశాను. బండి ఱనే.